మూడోసారి అడగలేదు

దిగిన 4వ రోజు

ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫారంలో రెండే గళ్లున్నాయి. తగ్గింది, తగ్గలేదు. మిగతా సంగతులు రాసుకోవడానికి ఈ నోటుబుక్కు నా సొంతం. దీని మీద ఎవరూ సంతకం పెట్టరు కాబట్టి ఇందులో నేను ఎవరినైనా తిట్టుకోవచ్చు.

ఈ ఏడు ఎండ పది రోజులు ముందే ముదిరింది. మాఘం వెళ్లకముందే సైరన్ వేసి నాలుగు వేల మందినీ కిందికి దింపేశారు. ఇక తొలకరి పడేదాకా ఈ పాత బొగ్గుగని సొరంగాలే ఊరు. నాకు మూడో సొరంగం చివర గది ఇచ్చారు. గాలి అక్కడికి వచ్చేసరికి నాలుగు వేల మంది పీల్చి వదిలేసిన గాలి అయి ఉంటుంది. అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఈ మాట మూడేళ్లుగా వింటున్నాను.

పొద్దున్నే గోళీలు కోశాను. నూట ఇరవై నొప్పి గోళీలు, ఒక్కోటి రెండు ముక్కలు. బ్లేడు మొద్దుబారి సగానికి సగం పిండి అయిపోతున్నాయి. సగం గోళీ, సగం మాట, ఇదీ మా రూలు. మందులు అందరికీ చాలవు. నమ్మిన మనిషి మాట తోడుంటే సగం గోళీ కూడా పూర్తి గోళీ పని చేస్తుందని నా చిన్నతనంలోనే తేల్చేశారు. ఆ మిగతా సగం పని నాది. పేరు కొమురమ్మ, ఉద్యోగం మాటగదిలో మాటమనిషి. మా అమ్మమ్మల తరంలో అందరూ హర్షితలూ జాహ్నవులూ. మా తరం పుట్టేసరికి మళ్లీ పాత పేర్ల మోజు వచ్చింది, మా ఖర్మ.

పని కష్టమేమీ కాదు. మనిషి తెర అవతల కూర్చుని చెవిలో చిన్న గొట్టం పెట్టుకుంటాడు. వాళ్ల కార్డు మీద "నమ్మే గొంతు" అని ఒక పేరుంటుంది. అమ్మ, మేనమామ, బడి పంతులు, ఎవరైనా సరే. నేను తెర ఇవతల మాట్లాడితే పెట్టె దాన్ని ఆ గొంతులోకి మార్చి వినిపిస్తుంది. అవతల ఉన్నది పెట్టె అని అందరికీ తెలుసు. మేం ఆరుగురం మాటమనుషులం, ఎవరికి ఎవరు మాట్లాడుతున్నారో మాత్రం చెప్పకూడదు. చివర "ఎట్లున్నది?" అని అడిగి గడిలో టిక్కు పెట్టాలి. మూడుసార్లు వరసగా "తగ్గలేదు" వస్తే డాక్టర్ దగ్గరికి పంపాలి.

ఫారం అడుగున "మాటమనిషి అనుమానం" అని ఒక గీత కూడా ఉంది. దాని మీద రాస్తే డాక్టర్ వెంటనే చూస్తుంది. కాకపోతే ఆ మనిషికి నేను చెప్పిన మాటలన్నీ వృథా కింద కట్టేస్తారు. ఆ గీత మీద ఎవరైనా రాయగా నేను ఇంతవరకూ చూడలేదు.

దిగిన 9వ రోజు

ఇవాళ కొత్త కార్డు. హర్షితవ్వ, అరవై రెండేళ్లు. పని, సొరంగాల నోళ్ల దగ్గర వేలాడే తడి తెరలు ఉతికి మళ్లీ కట్టడం. ఆ తెరల్లోంచి వచ్చిన గాలే మాకు చల్లదనం. నీళ్లు తాగిన తెర దున్నపోతంత బరువుంటుంది. జబ్బు, నడుం నొప్పి. నమ్మే గొంతు, అక్క నిఖిత, చనిపోయి ఆరేళ్లు. కార్డు వెనక ఎవరో రాశారు: "హర్షీ అని పిలిచేది. ముందు కసురుకునేది, తర్వాత బుజ్జగించేది."

అదే పట్టుకున్నాను.

"ఏమే హర్షీ, నడుం పట్టుకోని కూసున్నవట? ఎవలెత్తమన్నరే నిన్ను అంత బరువు?"

తెర అవతల నుంచి చిన్నపిల్ల గొంతు వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి దగ్గర్నుంచి.

"ఏం లేదక్కా. జెరంత నొప్పి."

ఊపిరి మెల్లగా వదలమన్నాను. గోళీ లోపలికి పోతోందనీ, నొప్పి వెన్నముద్దలా కరుగుతోందనీ చెప్పసాగాను. మాట సగంలో ఉండగానే ఆమె అందుకుంది. "తగ్గిందక్కా. మంచిగున్న."

టిక్కు పెట్టాను. మాట పూర్తికాకముందే తగ్గిందంటే నేనెంత గొప్పదాన్నో అని మురిసిపోయాను. మా పై అధికారి రిత్విక్ సార్ గోడ మీద బోర్డు రాస్తాడు. వందకు తొంభై నాలుగు తగ్గిందిలతో నేనే పైన ఉన్నాను.

దిగిన 15వ రోజు

మధ్యాహ్నం భోజనాల దగ్గర జొన్న గటక వడ్డించే వంతు నాది. వరసలో హర్షితవ్వ వచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో నాకు తెలుసు. దొంగతనంగా ఉంటుంది ఈ తెలియడం.

"ఇంకో గంటె గటక ఏసుకో అవ్వా."

"వద్దు బిడ్డా, నిండింది."

"జెరంత."

"వద్దంటి గదనే."

"నా కోసం ఏసుకో."

అప్పుడు పళ్లెం చాపింది. మా దిక్కు పెద్దవాళ్లంతా ఇంతే. అడగ్గానే ఊ అంటే ఆబగా ఉన్నట్టు ఉంటుందని సిగ్గు. రెండుసార్లు వద్దంటారు, మూడోసారికి కూర్చుంటారు. మా అమ్మా ఇంతే, రేపు నేనూ ఇంతే.

కానీ వేసుకున్న గటక తినలేదు. రెండు ముద్దలు మింగి పక్కన పెట్టేసింది. పళ్లెం ఎత్తేటప్పుడు ఆమె గాజులు మణికట్టు నుంచి మోచేతి దాకా జారాయి.

దిగిన 21వ రోజు

హర్షితవ్వకు ఇది ఆరో మాట. "తగ్గిందక్కా." ఆరో టిక్కు.

తెర కింద నుంచి ఆమె పాదాలు కనిపిస్తాయి. లేచేటప్పుడు ముందు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, ఒక క్షణం ఆగి, అప్పుడు లేచింది. నొప్పి తగ్గిన మనిషి అలా లేవదు. ఇది చూశాను. చూసి, తర్వాతి కార్డు తీశాను.

దిగిన 27వ రోజు

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి. అబద్ధం రాయడానికి ఫారం ఎలాగూ ఉంది.

పెట్టె పక్కన చిన్న గాజుముక్కలో అవతలి మనిషి ఒంటి వేడి కనిపిస్తుంది. హర్షితవ్వకు సన్నగా జ్వరం ఉంది. పోయినసారి సాయంత్రం వచ్చినప్పుడు కూడా ఉంది. అప్పుడు తెరలు ఉతికి వచ్చిన అలసట అనుకున్నాను.

మాట అయింది. "తగ్గిందక్కా" అంది.

రూలు ప్రకారం ఒక్కసారే అడగాలి. నేను ఇంకోసారి అడిగాను. "నిజంగ తగ్గిందానే హర్షీ?"

గొట్టంలో ఆమె ఊపిరి వినిపించింది. తర్వాత నవ్వు తెచ్చిపెట్టుకున్నట్టు అంది. "నువ్వెందుకక్కా రంది పడ్తవ్? తగ్గిందంటున్న గద."

అప్పుడు అర్థమైంది నాకు. మా అమ్మ రెండో సొరంగంలో ఉంటుంది. తిన్నావా అని అడుగుతుంది. తినకపోయినా తిన్నాననే చెబుతాను. తినలేదంటే అమ్మ బాధపడుతుంది, అమ్మను బాధపెట్టడం కంటే ఆకలి నయం. హర్షితవ్వ చేస్తున్నది కూడా అదే. నొప్పి ఉందంటే అక్క రందితో బాధపడుతుంది. ఎవరి మాట నమ్ముతుందో వాళ్లకే అబద్ధం చెబుతోంది. మేమే ఏరికోరి ఆ గొంతును తెచ్చి ఆమె చెవిలో పెట్టాం.

అనుమానం గీత మీద పెన్ను పెట్టాను. రేపు బోర్డు లెక్కల తనిఖీ. ఇప్పుడు రాస్తే ఆమెకు చెప్పిన ఎనిమిది మాటలూ వృథా కింద పోతాయి, బోర్డు మీద రెండో పేరు అవుతాను. తనిఖీ అయ్యాక రాద్దామనుకున్నాను. నడుం నొప్పే కదా, ఇంకో వారంలో మునిగిపోయేదేముంది అనుకున్నాను.

పెన్ను తీసేశాను. తగ్గింది గడిలో టిక్కు పెట్టాను.

దిగిన 28వ రోజు

తనిఖీ బాగా జరిగింది. మొదటి సొరంగంలో, గాలి తెరల పక్కన, నాకు కొత్త గది ఇచ్చారు. చల్లగా ఉంది. అవి హర్షితవ్వ ఉతికే తెరలు.

దిగిన 35వ రోజు

వారం గడిచింది. గీత మీద ఇంకా ఏమీ రాయలేదు. తొమ్మిదో టిక్కు, పదో టిక్కు, పదకొండో టిక్కు పెట్టాను. తనిఖీ అయిపోయింది కాబట్టి సాకు కూడా మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు రాస్తే ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని అడుగుతారు. ఆలస్యం చేసినకొద్దీ చెప్పడం ఇంత కష్టమవుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. నేను విని ఉండేదాన్ని కాదనుకోండి.

పొద్దున మా గది బయట ఆమె తెర కడుతుంటే చూశాను. కాలి చెప్పు ఊడిపోయింది. ఆమెకు తెలియలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, బొగ్గు రాళ్ల మీద ఆ చివరిదాకా నడిచి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లి చెప్పు అందించాను.

"అగో, గిదెప్పుడు ఊసిపోయింది!" అని నవ్వింది. "కాళ్లు మొద్దువారినయి బిడ్డా. తడిల నిలవడుతున్న గద, గందుకే."

మధ్యాహ్నం మాటలో అక్క గొంతుతో గట్టిగా కసిరాను. "రేపటిసంది తెరలెత్తినవో, చూడు మరి!" అన్నాను. "ఎత్తనక్కా" అంది. పన్నెండో తగ్గింది.

అంతవరకే చేశాను. మాటతో చేయగలిగింది చేశానని నాకు నేనే చెప్పుకున్నాను. నా మాట మీద నాకు అంత నమ్మకం మరి.

దిగిన 41వ రోజు

హర్షితవ్వ ఉతుకుడు బండ దగ్గర పడిపోయింది. లేవమంటే కాళ్లు లేవలేదు. పొద్దున్నే, నేను పదమూడో టిక్కు పెట్టి గంట కూడా కాకముందు.

దిగిన 43వ రోజు

డాక్టర్ తబస్సుమ్ నన్ను పిలిపించింది. నాలుగు వేల మందికీ ఆమె ఒక్కతే. కళ్ల కింద నల్లగా ఉంది. బల్ల మీద హర్షితవ్వ వెన్ను ఫొటో ఉంది. రెండు పూసలు చెదలు తిన్న కర్రలా ఉన్నాయి.

"వెన్నుకు క్షయ పట్టింది" అంది. "నెల కింద నా దగ్గరికొస్తే ఒట్టి గోళీలతోటి పోయేది. ఇప్పుడు చీము నరాల మీద ఒత్తుతున్నది. కోసి తీస్త. కాళ్లు మల్ల వస్తయో రావో చెప్పలేను." ఫారాలు తిప్పింది. "పదమూడు సార్లు తగ్గింది అని రాసున్నది. ఒక్కసారి గూడ నొప్పి ఉన్నదనలేదా ఆమె?"

"అనలేదు."

అది నిజమే. ఆ నిజం నోట్లో ఉన్నంతసేపూ నాలుక చేదుగా ఉంది.

"సగం గోళీ, మంచి మాట. నొప్పైతే కొంత ఆగే ఉంటది" అంది డాక్టర్. "కాని జబ్బు పురుగుకు చెవులుండవు గద."

దిగిన 44వ రోజు

రిత్విక్ సార్ టీ ఇప్పించాడు. "నీ తప్పేం లేదు కొమురమ్మా. రికార్డు క్లీన్‌గ ఉన్నది. ఆమెనే తగ్గిందన్నది, నువ్వు రాసినవ్. గంతే."

ఎవరైనా తిడతారేమోనని రెండు రోజులుగా ఎదురు చూస్తున్నాను. ఎవరూ తిట్టడం లేదు. తప్పు లేదన్న మాట ఇంత బరువుంటుందని ఇప్పుడే తెలిసింది. ఆయనకు ఇరవై ఏడో రోజు సంగతి చెప్పాను. రెండోసారి అడిగాను సార్, నాకు తెలుసు సార్, రాయలేదు సార్. ఆయన టీ గ్లాసు కింద పెట్టి తలుపు వైపు చూశాడు.

"ఇది నాకు చెప్పినవ్, సరే. బయట చెప్పకు. మాట మీద నమ్మకం పోతే నాలుగు వేల మందికి గోళీలు యాడికెళ్లి తెస్తం?"

ఆయన అన్నదాంట్లోనూ నిజం ఉంది. మూడొంతుల మందికి నా మాట నిజంగానే పనిచేస్తుంది. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు.

దిగిన 52వ రోజు

కోత అయింది. హర్షితవ్వకు తెలివి బాగానే ఉంది. ఆసుపత్రి గదికి వెళ్లాను. తెర లేదు, పెట్టె లేదు. నా గొంతు నాకే కొత్తగా, పలుచగా వినిపించింది.

"అవ్వా, మీ అక్క గొంతుల మాట చెప్పింది నేనే."

నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "గటక పోసిన పిల్లవు గద నువ్వు. చెప్పు గూడ తెచ్చిచ్చినవ్."

"ఆ. నేనే. నొప్పి తగ్గలేదని నాకెరుకైంది అవ్వా. తెలిసి గూడ రాయలే. నా పేరు బోర్డు మీద పైన ఉండాలని రాయలే."

దుప్పటి కింద కాళ్లు ఎవరో తెచ్చి పెట్టినట్టు కదలకుండా ఉన్నాయి.

"అక్క కాదని నాకు తెల్వదా?" అంది. "సచ్చిన మనిషి ఏడికెళ్లి మాట్లాడ్తది? అయినా ఆ గొంతు చెవుల వడంగనే నోరు రాకపాయె. అమ్మ వోయినప్పుడు నాకు పదేండ్లు. అక్కనే సాదింది. నాకు జ్వరమొస్తే అది అన్నం ముట్టకపోయేది. ఆ గొంతుకు నొస్తున్నదని ఎట్ల చెప్పాలె?"

నేను తల దించుకున్నాను.

"ఒకనాడు రెండోపారి అడిగినవ్. నిజంగ తగ్గిందానే అని."

"ఆ."

"మా అక్క ఎన్నడు గట్ల అడగలే. ఒక్కపారి చెప్తే నమ్మేది. అప్పుడే సమజైంది నాకు, తెర అవతల ఎవలో మనిషున్నరు, నా కోసం రంది పడ్తున్నరని. మల్లొక్కపారి అడుగుతరని చూసిన. మూడోపారి అడిగితె చెప్తుంటి బిడ్డా."

నేను ఏడ్చాను. నా ఏడుపు ఆమెకు ఎందుకు పనికొస్తుంది? ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"పో. ఇయ్యాల నీ మొఖం చూడబుద్ధైత లేదు."

దిగిన 53వ రోజు

రిత్విక్ సార్ బల్ల మీద కాగితం పెట్టి వచ్చాను. ఇరవై ఏడో రోజు ఏం జరిగిందీ, ఎందుకు రాయలేదూ, అంతా అందులో ఉంది. కింద ఒక్క మాట కలిపాను. ప్రేమించిన గొంతుతో మందు ఇవ్వండి, నొప్పి మాత్రం వేరే గొంతుతో అడగండి, మూడుసార్లు అడగండి. సార్ చదివి, వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోలేదు. మొదటి సొరంగం గది వాళ్లకే ఇచ్చేసి మూడో సొరంగానికి తిరిగి వచ్చాను. ఆ చల్లగాలిలో నిద్ర పట్టడం మానేసి ఎలాగూ పది రోజులైంది.

దిగిన 70వ రోజు

నా కాగితానికి జవాబు రాలేదు. అయినా ఇప్పుడు మాట అయ్యాక పెట్టె ఆపేసి, తెర పక్కకు తీసి, నా గొంతుతో అడుగుతున్నాను. మూడుసార్లు. జనానికి మొదట చిరాకు. ఒక ముసలాయన "చెవుడా నీకు?" అన్నాడు. మూడోసారికి, ఛాతీలో మంటగా ఉందన్నాడు. అనుమానం గీత మీద ఈ నెలలో ఏడు పేర్లు రాశాను. ఇద్దరికి నిజంగానే జబ్బుంది. ఐదుగురికి లేదు, డాక్టర్ నా మీద విసుక్కుంది. బోర్డు మీద అందరికంటే అడుగున ఉన్నాను, వందకు నలభై ఒకటి. రిత్విక్ సార్ నా పేరు మరీ చిన్న అక్షరాలతో రాస్తున్నాడు.

రోజూ హర్షితవ్వకు క్షయ గోళీలు నేనే తీసుకెళ్తున్నాను. కోయని, పూర్తి గోళీలు. మింగుతుంది, మాట్లాడదు.

దిగిన 83వ రోజు

"ఆ నీళ్లియ్యి" అంది. ముప్ఫై ఒక్క రోజుల తర్వాత మొదటి మాట. ఇచ్చాను. మళ్లీ గోడ వైపు తిరిగింది.

దిగిన 96వ రోజు

డాక్టర్ ఆమె రెండు చంకల కింద పట్టుకుని నిలబెట్టింది. ఎడమ కాలి బొటనవేలు కదిలింది. ఇంకేమీ కదల్లేదు. డాక్టర్ మెచ్చుకుంది. హర్షితవ్వ ఆ వేలు వంకే చూస్తూ ఉండిపోయింది.

దిగిన 118వ రోజు

తొలకరి పడింది. పైకి ఎక్కే రోజు. ఆరు వందల మెట్లు. పాటలు పాడుకుంటూ, పిల్లల్ని భుజాన వేసుకుని ఎక్కుతారు. హర్షితవ్వ ఏటా ముందు వరసలో ఎక్కేదట, పైన మొదటి వాన చినుకు తనదేనని పందెం కట్టి. ఈ ఏడు నడవలేనివాళ్లను పాత బొగ్గు తొట్టిలో కూర్చోబెట్టి తాడుతో లాగారు. ఆమె పక్కన కూర్చునే వంతు అడిగి వేయించుకున్నాను. ఆమె వద్దనలేదు.

తొట్టి కుదుపుకు ఆమె పెదవులు బిగించడం చూశాను. పైకి వెళ్లే ప్రతి మనిషికీ చివరి ఫారం నింపాలి. ఒళ్లో అట్ట పెట్టుకున్నాను.

"నొప్పి ఎట్లున్నదవ్వా?"

"తగ్గింది బిడ్డా."

ఈసారి ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. నన్ను క్షమించిందేమో, నన్ను కూడా బాధపెట్టకూడదనుకునే వాళ్లలో చేర్చుకుందేమో అని.

"నిజంగ తగ్గిందా?"

"తగ్గిందంటున్న గద. నీకెందుకు రంది?"

పైన వెలుగు కనపడుతోంది. మెట్ల మీది పాటలు దగ్గరవుతున్నాయి. తడిమట్టి వాసన వచ్చింది. ఆమె చేయి పట్టుకున్నాను. గాజులు ఇంకా వదులుగానే ఉన్నాయి.

"అవ్వా, నొప్పి ఎట్లున్నది?"

ఆమె నా వైపు తిరిగింది. కళ్లు నిండాయి.

"తగ్గలే బిడ్డా. మస్తు నొస్తున్నది. ఈ కాళ్లు నాయి కానట్టున్నయి. ఇగ నడుస్తనో లేదో అని బయమైతున్నది."

ఆమె చెప్పింది చెప్పినట్టు అనుమానం గీత మీద రాశాను. గీత చాలక అట్ట అంచుదాకా రాశాను. తర్వాత, పదమూడు తగ్గిందిల తర్వాత, తగ్గలేదు గడిలో టిక్కు పెట్టాను.